'ఛేదించలేనిది' అనే ముందు: క్వాంటమ్ కమ్యూనికేషన్ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

జాతీయ క్వాంటమ్ మిషన్ సారథులకు, ఐఐటీ మద్రాసులోని క్వాంటమ్ కమ్యూనికేషన్ హబ్ పరిశోధకులకు, అమరావతి క్వాంటమ్ వ్యాలీ పనులు చూస్తున్న అధికారులకు నమస్కారం.

నేను ఫైబర్ కేబుల్ మనిషిని. ముప్పై ఏళ్లకు పైగా కృష్ణా, గుంటూరు జిల్లాల రోడ్ల పక్కన గుంతల్లో కూర్చుని జాయింట్లు వేశాను, వేయించాను. కేబుల్ తెగిందని అర్ధరాత్రి ఫోన్ వస్తే ఓటీడీఆర్ పెట్టి, ఎన్నో కిలోమీటరు దగ్గర తెగిందో చూసుకుని, జీపు వేసుకుని బయల్దేరేవాళ్లం. రిటైరయ్యాక తీరిక దొరికింది. ఎప్పుడో చదువుకున్న భౌతికశాస్త్రాన్ని మళ్లీ తెరిచి, ఒక్కొక్క ఫోటాన్ (వెలుగు కణం) మీద సందేశం పంపే పద్ధతుల గురించి దొరికిన పరిశోధన పత్రాలన్నీ కూడబలుక్కుని చదువుతున్నాను.

కొంతకాలం కిందట ఒక ప్రదర్శనకు వెళ్లాను. ఒక సంస్థ ప్రతినిధి తమ 'క్వాంటమ్ డైరెక్ట్ కమ్యూనికేషన్' పరికరాన్ని చూపిస్తూ, దీనికి ప్రకృతి నియమాలే కాపలా, ప్రపంచంలో ఎవరూ ఛేదించలేరు అన్నారు. ముందు వరుసలోని అధికారులు చప్పట్లు కొట్టారు. నేను లేచి ఒకే ప్రశ్న అడిగాను: ఒక్కో పల్సులో, అంటే ఒక్కో వెలుగు మెరుపులో, సగటున ఎన్ని ఫోటాన్లు పంపుతున్నారు? ఆ సంఖ్య ఆయనకు తెలియదు. మెయిల్ చేస్తామన్నారు. రాలేదు. అలాంటి పరికరం రేపు ఏ కలెక్టరేట్‌కో, ఏ బ్యాంకుకో, ఏ సరిహద్దు స్థావరానికో వెళ్తే ఏమవుతుందన్న దిగులుతో ఈ లేఖ రాస్తున్నాను. మీరు ఈ సంగతులు ఎరగనివారు కాదు. కానీ టెండరు రాసేవారు, సంతకం పెట్టేవారు, వార్త రాసేవారు అందరూ మీవంటివారు కారు. అందుకే మీకు రాస్తూ అందరికీ వినపడేలా రాస్తున్నాను.

ముందు మామూలు ఫైబర్ సంగతి. జాయింటర్ల సంచిలో ఫైబర్ ఐడెంటిఫైయర్ అని ఒక చిన్న పరికరం ఉంటుంది. కేబుల్ తెంచక్కర్లేదు. పోగును అందులో పెట్టి నొక్కితే కొంచెం వంగుతుంది, వంగిన చోట కాస్త వెలుగు బయటికి కారుతుంది, దాన్ని బట్టి ఆ పోగులో ట్రాఫిక్ ఉందో లేదో తెలిసిపోతుంది. తప్పు పోగును తెంచకుండా ఉండడానికి దాన్ని వాడేవాళ్లం. అదే వెలుగును మంచి రిసీవర్‌కు అందిస్తే సందేశం చదవొచ్చు. ఒక మిల్లీవాట్ లేజరుతో సెకనుకు 2.5 గిగాబిట్లు పంపుతుంటే ఒక్కో బిట్‌కు సుమారు 30 లక్షల ఫోటాన్లు బయల్దేరతాయి. అందులో వెయ్యింటికి ఒకటి దొంగ పట్టుకుపోయినా అవతలి చివర ఎవరికీ తెలియదు. బిందెడు నీళ్లలో చెంబుడు తీస్తే తెలుస్తుంది గానీ చుక్క తీస్తే తెలుస్తుందా?

ఒక్కో బిట్‌కు ఒకే ఫోటాన్ అయితే కథ మారుతుంది. ఫోటాన్ సగానికి తెగదు. దొంగ దాన్ని తీసుకోవాలి, లేదా వదిలేయాలి. దాని స్థితి ఏమిటో తెలియకుండా అచ్చంగా అలాంటిదే ఇంకొకటి తయారు చేయడం కుదరదని 1982లో వూటర్స్, జూరెక్ ఒక చోట, డీక్స్ మరో చోట నిరూపించారు. ఆ పునాది మీద చార్లెస్ బెన్నెట్, జిల్ బ్రసార్ తాళంచెవి పంపిణీ పద్ధతిని 1984 డిసెంబరులో లోకం ముందు పెట్టారు. ఎక్కడ? బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో. ఈ విద్య తొలిసారి పలికిన వేదిక మన నేల మీదే ఉందని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఆ పద్ధతిలో ఫోటాన్ల మీద వెళ్లేది సందేశం కాదు, తాళంచెవి. ముందు చెవి పంచుకుంటారు, ఎవరూ తాకలేదని తేలాక దానితో సందేశానికి తాళం వేసి మామూలు దారిలో పంపుతారు. నేరుగా సందేశాన్నే ఫోటాన్ల మీద పంపే పద్ధతి తర్వాత వచ్చింది. చైనాలోని చింగ్హువా విశ్వవిద్యాలయానికి చెందిన లాంగ్, లియూ 2000లో మొదటి ఆలోచన రాశారు. స్థితులు ఒకదానితో ఒకటి ముడిపడిన జంట ఫోటాన్లు అక్కర్లేకుండా విడి ఫోటాన్లతోనే పని జరిగే పద్ధతిని డెంగ్, లాంగ్ 2004లో ప్రకటించారు. దాన్నే ఇప్పుడు డీఎల్04 అంటున్నారు.

అది ఎలా పనిచేస్తుందో మన ఊళ్ల పేర్లతోనే చెబుతాను. విజయవాడలోని అధికారి గుంటూరులోని అధికారికి ఒక మాట చేరవేయాలి. మొదటి అడుగు మాట చెప్పేవారిది కాదు, వినేవారిది. గుంటూరు వాళ్లు నాణేలు పంపుతారనుకోండి: కొన్ని బొమ్మ పైకి, కొన్ని బొరుసు పైకి, ఏది ఎలా పెట్టారో వాళ్లకే తెలుసు. విజయవాడ వాళ్లు సున్నా చెప్పాలంటే నాణేన్ని ఉన్నదున్నట్టు, ఒకటి చెప్పాలంటే తిరగేసి వెనక్కి పంపుతారు. తిరుగుదారిలో దొంగ నాణేన్ని చూసినా అది మొదట ఎలా ఉందో తెలియదు గనుక, తిరగేశారో లేదో చెప్పలేడు. మరి వెళ్లే దారిలోనే చూసేస్తే? నాణెమైతే చూసేయొచ్చు, ఫోటాన్‌తో అది సాగదు. గుంటూరు వాళ్లు దాన్ని నాలుగు స్థితుల్లో ఒకదానిలో పెడతారు. ఆ నాలుగూ రెండు జతలు. ఏ జతలో పెట్టారో తెలియకుండా కొలిస్తే సగం సార్లు తప్పు జతలో కొలుస్తాడు, స్థితి చెదిరిపోతుంది. విజయవాడ వాళ్లు వచ్చిన ఫోటాన్లలో కొన్నిటిని తీసి కొలిచి, ఫలితాలు బహిరంగంగా గుంటూరుకు చెబుతారు. దొంగ ప్రతి ఫోటాన్‌నూ కొలిచి మళ్లీ పంపి ఉంటే, జత కలిసిన వాటిలో నాలుగింట ఒకటి తప్పు వస్తుంది. దారి శుభ్రంగా ఉందని తేలితేనే మిగిలిన వాటి మీద సందేశం ఎక్కుతుంది.

చూడముచ్చటైన ఆలోచన. తాళంచెవి లేదు, దాచుకోవడం లేదు, పంపిన ఫోటాన్లలో సగం పారేయడం లేదు. దీన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ ఉన్న తేడాను మాత్రం మీరు ప్రతి అధికారికీ కూర్చోబెట్టి చెప్పాలని కోరుతున్నాను.

తాళంచెవి పంచేటప్పుడు దొంగ దొరికితే నష్టం ఏమీ లేదు. ఆ చెవిని పారేస్తాం, ఇంకొకటి పంచుకుంటాం. అది ఇంకా దేనికీ వేయని తాళానిది. చెవిలో కొంత భాగం దొంగకు తెలిసిందని లెక్క తేలినా, దాన్ని కుదించి దొంగ వాటాను చెరిపేసే గణితం ఉంది. ఆ పని తీరిగ్గా తర్వాత చేసుకోవచ్చు. నేరుగా సందేశం పంపేటప్పుడు ఆ 'తర్వాత' లేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అనలేదు. సైన్యం కదలిక, పరీక్షా పత్రం, ఆసుపత్రి రికార్డు లాంటివి ఒకసారి బయటపడ్డాక, 'దొంగను పట్టుకున్నాం' అని చెప్పుకున్నా పోయింది పోయినట్టే. కాబట్టి ఎంత లీకు కావచ్చన్న లెక్క సందేశం ఎక్కకముందే తేలాలి, లీకైన ముక్కల నుంచి దొంగకు ఏమీ అర్థం కాని విధంగా సందేశాన్ని ముందే కోడింగ్ చేసి ఉండాలి. 1975లో వైనర్ చెప్పిన వైర్‌టాప్ సిద్ధాంతం ఇందుకు ఆధారం: అసలు వినేవారికి దొరికే సమాచారం దొంగకు దొరికేదాని కంటే ఎంత ఎక్కువో, అంత మేరకే రహస్యంగా పంపగలం. ఆ తేడా సున్నాకు పడితే ఒక్క బిట్ కూడా భద్రంగా వెళ్లదు. ఆ తేడాను ఒక సంఖ్యగా కొలిచి చూపించలేని పరికరానికి భద్రత ఉందో లేదో దాన్ని చేసినవారికి కూడా తెలియదు.

ఇది నా భయం మాత్రమే కాదని చెప్పడానికి ఒక పాత సంగతి. 2002లో బోస్ట్రోమ్, ఫెల్బింగర్ జంట ఫోటాన్లతో 'పింగ్‌పాంగ్' అనే పద్ధతిని ప్రకటించారు. ఫోటాన్ బంతిలా అటూ ఇటూ వెళ్తుంది గనుక ఆ పేరు. ఏడాది తిరగకుండానే 2003లో పోలండ్‌కు చెందిన వూయ్‌చిక్, దారిలో ఫోటాన్లు కొన్ని పోయే ఫైబర్‌లో ఇది భద్రం కాదని చూపించాడు. దొంగ తన చేతివాటం వల్ల పోయే ఫోటాన్లను ఫైబర్ ఖాతాలో వేసేస్తాడు. తప్పుల శాతం పెరగదు, ఎవరికీ అనుమానం రాదు. అదే ఏడాది చైనాకు చెందిన చాయ్, ఏమీ వినకుండానే సందేశాన్ని పాడుచేయొచ్చని చూపించాడు. కాగితం మీద నష్టం సున్నా, గుంతలో నష్టం సున్నా కాదు. ముప్పై ఏళ్లు నేను కొలిచింది ఆ నష్టాన్నే.

ఇప్పుడు ఆ ప్రదర్శనలో నేనడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. విడి ఫోటాన్ అని బోర్డు మీద రాసినంత మాత్రాన లోపల విడి ఫోటాన్ పుట్టదు. చాలా పరికరాల్లో ఉండేది మామూలు లేజరే. దాని వెలుగును బాగా తగ్గించి, పల్సుకు సగటున 0.1 ఫోటాన్ ఉండేలా చేస్తారు. సగటు అన్న మాటలోనే చిక్కంతా ఉంది. సగటు 0.1 అంటే పదింటిలో తొమ్మిది పల్సులు ఖాళీగా వెళ్తాయి. ఖాళీ కాని పల్సుల్లో దాదాపు 5 శాతం వాటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఫోటాన్లు ఉంటాయి. ఆ 5 శాతమే దొంగకు వాకిలి. రెండున్న చోట ఒకటి తన దగ్గర దాచుకుని రెండోదాన్ని పోనిస్తాడు. పోయిన దానికి ఏమీ కాలేదు గనుక తనిఖీలో తప్పు కనపడదు. అది విజయవాడలో సందేశం ఎక్కించుకుని తిరిగొచ్చేటప్పుడు పట్టుకుని, దాచిన దానితో పోల్చి చూస్తాడు. రెండూ ఒకేలా ఉన్నాయా, ఒకటి తిరగబడిందా అన్నది ప్రతిసారీ తెలియదు. కొన్నిసార్లు మాత్రం ఖాయంగా తెలుస్తుంది. పల్సులో మూడు, నాలుగు ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది. పట్టుకున్న ఫోటాన్ గుంటూరు చేరకపోయినా అడిగేవారు లేరు, దారిలో పోయే వేలల్లో అదొకటి.

దీనికి మందు లేకపోలేదు. పల్సుల తీవ్రతను ఎవరికీ తెలియకుండా మార్చి మార్చి పంపి, ఏ తీవ్రత పల్సులు ఎన్ని చేరాయో పోల్చి చూస్తే దొంగ బయటపడతాడు. ఎర పల్సుల పద్ధతి అది, 2003లో హ్వాంగ్ చెప్పాడు, 2005లో మిగతావారు పూర్తి చేశారు. లేదంటే క్వాంటమ్ డాట్ల వంటి నిజమైన విడి ఫోటాన్ జనకాలు వాడాలి. వాటి నాణ్యతను జీ-2 అనే సంఖ్యతో కొలుస్తారు: పరిపూర్ణమైన విడి ఫోటాన్‌కు సున్నా, లేజరుకు 1. మీరు కొనే ప్రతి పెట్టె మీద ఆ సంఖ్య గానీ, సగటు ఫోటాన్ల సంఖ్య గానీ, ఎర పల్సుల వివరం గానీ ఉండాలి. బల్బు మీద వాట్లు రాయకుండా అమ్మనివ్వం కదా.

ఇక రెండు దారుల చిక్కు. డీఎల్04లో ఫోటాన్ వెళ్లి రావాలి. అంటే విజయవాడ పెట్టెకు బయటి నుంచి వెలుగు లోపలికొచ్చి, సందేశం ఎక్కించుకుని బయటికెళ్లే తలుపు తప్పనిసరిగా ఉంటుంది. ఆ తలుపులోంచి గుంటూరు ఫోటానే రావాలని ఎక్కడుంది? దొంగ తన సొంత వెలుగును, వేరే తరంగదైర్ఘ్యంలోనో కాస్త ఆలస్యంగానో, దాని వెనకే లోపలికి పంపుతాడు. సందేశం ఎక్కించే మాడ్యులేటర్ తేడా చూడదు, దాన్నీ తిప్పుతుంది. అది బయటికొచ్చాక దొంగ తీరిగ్గా చదువుకుంటాడు. గుంటూరు ఫోటాన్లను తాకనే లేదు గనుక తప్పుల శాతం సున్నా! ఒక దారి పద్ధతుల్లో వెలుగును వెనక్కి రానీయని ఐసొలేటర్లు బిగించి తలుపు మూసేయొచ్చు. ఇక్కడ మూయడానికి వీల్లేదు, కాపలా పెట్టాలి: తరంగదైర్ఘ్యపు జల్లెడలు, లోపలికొచ్చే వెలుగును నిత్యం కొలిచే డిటెక్టరు, ఒక్కో పల్సులో ఎన్ని ఫోటాన్లు వచ్చాయో చూసే తనిఖీ. ఈ మూడూ ఉన్నాయో లేదో పెట్టె మూత తీసి చూడకుండా సంతకం పెట్టొద్దని నా విన్నపం.

డిటెక్టర్ల సంగతి ముక్తసరిగా చెబుతాను. 2010లో నార్వేలోని ట్రాండ్‌హైమ్ పరిశోధకులు జర్మనీ మిత్రులతో కలిసి, బజారులో అమ్ముతున్న రెండు తాళంచెవి పంపిణీ యంత్రాల డిటెక్టర్లను గట్టి వెలుగుతో 'గుడ్డివి' చేసి, తాము చెప్పినట్టల్లా మోగేలా చేశారు. యంత్రం అంతా సవ్యంగా ఉందనే చూపించింది. ప్రకృతి నియమం ఓడిపోలేదు, డిటెక్టరు ఓడిపోయింది. ఆ పరిశోధకులు ముందుగా తయారీదారులకు చెప్పి, తర్వాతే లోకానికి చెప్పారు. అలాంటి వారు మన దేశంలోనూ తయారుకావాలి. దాని గురించి చివర్లో రాస్తాను.

దూరం గురించి కాస్త నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే ఇది నా పని. మంచి ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకు 0.2 డీబీ పోతుంది (డీబీ అంటే డెసిబెల్, వెలుగు నష్టానికి కొలత; ప్రతి 10 డీబీకి పదో వంతే మిగులుతుంది). గుంటూరు–విజయవాడ 35 కి.మీ. అనుకుంటే వెళ్లడానికి 7 డీబీ, వెళ్లి రావడానికి 14 డీబీ. నూటికి నాలుగు ఫోటాన్లే తిరిగొస్తాయి. ఇది ఒక్క జాయింటూ లేని ఫైబర్ లెక్క. మన రోడ్డు విస్తరణలకు, జేసీబీ కోతలకు ఏటేటా పడే జాయింట్లు ఇందులో లేవు. అదే హైదరాబాద్–విజయవాడ 275 కి.మీ. అనుకుంటే వెళ్లడానికి 55 డీబీ, మూడు లక్షల్లో ఒకటి చేరుతుంది. వెళ్లి రావాలంటే 110 డీబీ. పదివేల కోట్ల ఫోటాన్లలో ఒకటి.

దీనికి తోడు నిరీక్షణ. తనిఖీ పూర్తయ్యేదాకా సందేశం ఎక్కించకూడదు కదా. విజయవాడ తన కొలతలు గుంటూరుకు చెప్పి, 'దారి శుభ్రం' అన్న జవాబు తెచ్చుకునేసరికి వెలుగు వేగంతోనే 350 మైక్రోసెకన్లు పడుతుంది. అంతసేపు మిగిలిన ఫోటాన్లను ఎక్కడ ఉంచాలి? ఫైబర్ చుట్టలో తిప్పుదామంటే 70 కి.మీ. చుట్ట కావాలి. ఇంకో 14 డీబీ అక్కడే ఆవిరి. ఫోటాన్ స్థితిని చెదరకుండా దాచి ఉంచే క్వాంటమ్ మెమరీ ఉంటే ఈ బాధ ఉండదు. 2017లో చైనాలో మెమరీతో ప్రయోగశాలలో చేసి చూపించారు కూడా, కానీ రోడ్డు పక్క ఎక్స్ఛేంజిలో పెట్టి నడిపే స్థాయికి అది ఇంకా రాలేదు. అందుకే మెమరీ లేకుండా నడిపే పద్ధతులు వచ్చాయి. వాటిలో ముందటి విడతలో భద్రంగా చేరిన బిట్ల నుంచి ఒక తాళంచెవి తీసి, తర్వాతి విడత సందేశాన్ని దానితో కప్పి పంపుతారు. తెలివైన ఉపాయం, తప్పేమీ లేదు. కానీ ముందు గుమ్మంలోంచి పంపేసిన తాళంచెవి పెరటి గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టే కదా! 'మా పద్ధతిలో తాళంచెవే లేదు' అని అమ్మేవారు ఈ సంగతి కూడా చెప్పాలి.

ఇంతకీ ప్రపంచం ఎంతవరకు వచ్చింది? 2016లో చైనాలోని శాన్షీ విశ్వవిద్యాలయం, చింగ్హువా కలిసి విడి ఫోటాన్లతో నేరుగా సందేశం పంపే ప్రయోగం చేసి చూపించాయి. 2019లో 1.5 కి.మీ. ఫైబర్ మీద సెకనుకు 50 బిట్లు పంపారు. ఆ ప్రయోగంలో నాకు బాగా నచ్చింది వేగం కాదు, వైనర్ సిద్ధాంతంతో భద్రతను సంఖ్యగా లెక్కగట్టి చూపడం. 2022లో 102.2 కి.మీ. ఫైబర్ దాటారు, సెకనుకు 0.54 బిట్ల వేగంతో. దీన్ని మన భాషలో చెప్పుకుందాం. కంప్యూటర్లో 'నమస్కారం' అని రాస్తే 192 బిట్లు. ఆ వేగంతో ఒక్క నమస్కారం చేరడానికి దాదాపు ఆరు నిమిషాలు పడుతుంది. ఎగతాళికి అనడం లేదు. వంద కిలోమీటర్లు ఒక్కొక్క ఫోటాన్ మీద మాట పంపడం తపస్సు లాంటిది, ఆ శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కుతాను. వారు తమ వేగాన్ని 0.54 అని దాచకుండా రాసుకున్నారు. మన దగ్గర అమ్మకానికి వచ్చే పెట్టెల కాగితాల్లోనూ ఆ నిజాయితీ కావాలి.

మన దేశం వెనకబడి లేదు. 2020 డిసెంబరు 9న హైదరాబాద్‌లోనే డీఆర్‌డీఓ తన రెండు ప్రయోగశాలల మధ్య, డీఆర్‌డీఎల్ నుంచి ఆర్‌సీఐకి, 12 కి.మీ. ఫైబర్ స్థాయిలో తాళంచెవి పంపిణీని పరీక్షించి చూసింది. 2022 ఫిబ్రవరిలో ఐఐటీ ఢిల్లీతో కలిసి ప్రయాగ్‌రాజ్–వింధ్యాచల్ మధ్య వంద కిలోమీటర్లు దాటించింది, అదీ వేసి ఉన్న మామూలు కమర్షియల్ ఫైబర్ మీద. 2025 జూన్‌లో ఐఐటీ ఢిల్లీ ఆవరణలో గాలిలో ఒక కిలోమీటరు దూరం జంట ఫోటాన్లతో చేసి చూపించారు. నేరుగా సందేశం పంపే పద్ధతుల సిద్ధాంతం మీద నోయిడాలో అనిర్బన్ పాఠక్ బృందం ఏళ్లుగా పనిచేస్తోంది. 2023 ఏప్రిల్ 19న కేంద్రం ఆమోదించిన మీ మిషన్‌కు 6,003.65 కోట్లు కేటాయించారు, నగరాల మధ్య 2,000 కి.మీ. క్వాంటమ్ లింకులు లక్ష్యంగా పెట్టుకున్నారు. డబ్బు ఉంది, మనుషులు ఉన్నారు, మొదలుపెట్టిన పనులూ ఉన్నాయి. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. కేబుల్ పూడ్చాక గుంత మళ్లీ తవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ 2,000 కి.మీ. మధ్యలో రిపీటర్ గదులు వస్తాయి. స్థితిని కొలవకుండానే ముందుకు అందించే క్వాంటమ్ రిపీటర్లు చేతికొచ్చేదాకా ప్రతి గదిలో సందేశం ఫోటాన్ మీది నుంచి దిగి, మామూలు బిట్లుగా మారి, మళ్లీ ఇంకో ఫోటాన్ ఎక్కాలి. హైదరాబాద్–విజయవాడ దారిలో సూర్యాపేటలో ఒక గది ఉందనుకోండి. ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటే సందేశం వారి చేతిలో ఉన్నట్టే. రాత్రి డ్యూటీలో ఒక్కడే ఉండే కుర్రాడి మీద అంత భారం మోపొచ్చా? లాంగ్ బృందమే 2022లో దీనికి ఒక దారి చెప్పింది: సందేశాన్ని ముందు క్వాంటమ్ కంప్యూటర్లు కూడా విప్పలేవని నమ్మే గణిత సంకేతంలో చుట్టి, ఆ తర్వాత ఫోటాన్ల మీద పంపాలి. గదిలో దిగినా చుట్టిన పొట్లమే కనిపిస్తుంది. అమెరికా ప్రమాణాల సంస్థ అలాంటి గణిత పద్ధతులకు 2024 ఆగస్టులో తొలి మూడు ప్రమాణాలు ప్రకటించింది. మన లింకుల్లో ఈ చుట్ట తప్పనిసరి చేయండి. ఫోటాన్ ఓడినా గణితం నిలబడుతుంది, గణితం ఓడినా ఫోటాన్ నిలబడుతుంది.

అవతల మాట్లాడేది నిజంగా గుంటూరేనా అన్న ప్రశ్న కూడా ఉంది. 'దారి శుభ్రం' అనే జవాబు మామూలు లైన్ మీద వస్తుంది. దొంగ మధ్యలో కూర్చుని విజయవాడకు తాను గుంటూరునని, గుంటూరుకు తాను విజయవాడనని చెబితే క్వాంటమ్ తనిఖీలన్నీ సవ్యంగానే కనిపిస్తాయి. గుర్తింపుకు ముందే పంచుకున్న ఒక చిన్న రహస్యమైనా, నమ్మదగిన డిజిటల్ సంతకమైనా కావాలి. అది లేని ప్రదర్శన ప్రదర్శనే.

ఈ కారణాల వల్లే అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ సైబర్ భద్రతా కేంద్రం తాళంచెవి పంపిణీ యంత్రాలనే తమ కీలక అవసరాలకు సిఫారసు చేయడం లేదు. 2024 జనవరిలో ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్ సంస్థలు కలిసి ఇలాంటి మాటే రాశాయి. వారి మాట పూర్తిగా నాకు నచ్చలేదు. కొత్త విద్యను వద్దని పక్కన పెడితే అది ఎప్పటికీ ముదరదు. కానీ నలభై ఏళ్ల వయసున్న తాళంచెవి పద్ధతికే ఇన్ని ప్రశ్నలు ఉంటే, దానికంటే చిన్నదీ, తప్పు జరిగితే సందేశాన్నే పోగొట్టేదీ అయిన పద్ధతికి ఎన్ని రెట్లు జాగ్రత్త కావాలి? తాళంచెవి యంత్రాల పరీక్షకు ఐఎస్‌ఓ 2023లో 23837 అనే ప్రమాణం తెచ్చింది. దాన్ని తెచ్చి నేరుగా సందేశం పంపే పెట్టెకు అతికిస్తే సరిపోదు. రెండు దారుల తలుపు, ముందే చేయాల్సిన కోడింగ్, లీకు లెక్క దానికి వేరుగా రాయాలి. ఆ రాత మద్రాసు హబ్ నుంచే రావాలని నా ఆశ.

అమరావతి అధికారులకు ప్రత్యేకంగా ఒక మాట. క్వాంటమ్ వ్యాలీ అనగానే 156 క్యూబిట్ల కంప్యూటర్ గురించే అందరూ మాట్లాడుతున్నారు. దాని పక్కన ఒక చిన్న గది కూడా కట్టండి. అందులో ఇరవై ముప్పై కిలోమీటర్ల పాత ఫైబర్ చుట్టలు, కొన్ని లేజర్లు, కొన్ని డిటెక్టర్లు, మా బోటి జాయింటర్లు ఇద్దరు, మన ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు పదిమంది. వారి ఉద్యోగం ఒక్కటే, దొంగ వేషం వేయడం. దేశంలో ఎవరు క్వాంటమ్ భద్రత అమ్మాలన్నా తమ పెట్టెను ముందు ఆరు నెలలు ఆ గదిలో పెట్టాలి. పిల్లలు దాని తలుపులోకి వెలుగు పంపుతారు, డిటెక్టరును గుడ్డిది చేయాలని చూస్తారు, ఫైబర్ వంచి నష్టం పెంచి అది అబద్ధం చెబుతుందేమో చూస్తారు. ఏం దొరికిందో తయారీదారుకు ముందు చెబుతారు, సరిదిద్దుకోవడానికి గడువిచ్చాక అందరికీ చెబుతారు. దాడి చేసి చూసినందుకు ఆ పిల్లల మీద కేసు పెట్టరన్న రాతపూర్వక హామీ ప్రభుత్వం నుంచి ఉండాలి. ఆ గదికి అయ్యే ఖర్చు పెద్ద కంప్యూటర్ ఖర్చులో ఏ మూలకూ రాదు.

ఆ గది పాసైన పెట్టెను కూడా మొదటి రెండేళ్లు నిజమైన రహస్యాలు మోయనివ్వకండి. వాతావరణ సూచనలు, రిజర్వాయర్ నీటి మట్టాలు, ఎవరు విన్నా ఫర్వాలేని మాటలు పంపండి. ప్రకాశం బ్యారేజీ నుంచి రోజూ వెళ్లే నీటిమట్టం లెక్క చాలు. ఎండకు కేబుల్ వేడెక్కినప్పుడు, వర్షానికి జాయింట్ డబ్బాలో నీరు చేరినప్పుడు, లారీలు వెళ్తుంటే పోగు వణికినప్పుడు తప్పుల శాతం ఎలా పెరుగుతుందో, దాన్ని పెట్టె దొంగతనంగా పొరబడుతుందో, లేక దొంగతనాన్నే వర్షంగా పొరబడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఆ లెక్కలు నెలనెలా వెబ్‌సైట్లో పెట్టండి.

ఆ గదికి జాయింటర్లు కావాల్సి వస్తే నాకు కబురు చేయండి. జీతం అక్కర్లేదు. నా ఐడెంటిఫైయర్ ఇంకా పనిచేస్తోంది, బ్యాటరీ మార్చి ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలికాం ఇంజినీరు,
గుంటూరు.